ఏఐ బొమ్మలకి 80ల ఆనిమే రంగులు రావాలంటే ముందు రంగుల డబ్బాలు లెక్కపెట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఏఐతో కథలకి బొమ్మలు చేయిస్తున్నారు. 80లు, 90ల తొలినాళ్ల జపాన్ ఆనిమేలో ఉండే రంగులు మీకు కావాలి. ప్రాంప్ట్‌లో ‘రెట్రో ఆనిమే’ అని రాస్తే ప్రతిసారీ ఊదా, గులాబీ కలిసిన ఆకాశం, నియాన్ వెలుగులు వచ్చేస్తున్నాయి. పైగా ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ పొంతన ఉండటం లేదు. మీకంటూ ఒక స్థిరమైన రంగుల పద్ధతి ఎలా తయారు చేసుకోవాలని అడిగారు.

సూటిగా చెప్తాను. రంగుల ఎంపిక ఏఐ మోడల్‌కి వదలకండి. మీరే ఎంచి దానికివ్వండి. పాత్రకి సరిపడా చిన్న రంగుల పట్టీ (ప్యాలెట్) ముందే ఖాయం చేసుకోండి. మనిషికి చదునైన రంగులు, వెనక దృశ్యానికి కుంచె జాడ కనపడే రంగులు అని బొమ్మని రెండుగా విడదీయండి. చివర్లో రెండింటినీ కలిపి, ఒకే ఫిల్మ్ మీద తీసినట్టు టోన్ వేయండి. ఈ మూడూ చేస్తే ప్రాంప్ట్‌లో ‘రెట్రో’ అన్న మాట లేకపోయినా బొమ్మ పాతకాలంది లాగే ఉంటుంది. ఇవి చేయకుండా ఆ మాట ఎన్నిసార్లు రాసినా మీరు ఇప్పుడు చూస్తున్నదే మళ్లీ వస్తుంది.

నేను హైదరాబాద్‌లో, బయటి దేశాల కార్టూన్లకి పనిచేసే ఒక 2డీ స్టూడియోలో ఇంక్ అండ్ పెయింట్ విభాగంలో, అంటే గీతలు దిద్ది రంగులు నింపేచోట, చాలాకాలం ఉన్నాను. ఇప్పుడు పుస్తకాల అట్టలకీ, యూట్యూబ్ కథల చానెళ్లకీ ఏఐ సాయంతో బొమ్మలు చేస్తున్నాను. కాబట్టి నా జవాబు పెయింటర్ వైపు నుంచే ఉంటుంది. ప్రాంప్ట్ చిట్కాల కోసం చూస్తున్నవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

ముందు ఆ ఊదా రంగు సంగతి. మోడల్‌కి 80లు తెలియవు. నెట్‌లో జనం ఏ బొమ్మ పక్కన ‘రెట్రో’, ‘80స్’ అని రాశారో ఆ బొమ్మలు మాత్రమే తెలుసు. 2010 తర్వాత సింథ్‌వేవ్, వేపర్‌వేవ్ అనే సంగీత ధోరణుల పేర్లతో వెల్లువెత్తిన డిజిటల్ బొమ్మల నిండా ఇవే ఊదా ఆకాశాలు, నియాన్ గళ్లు, తాటిచెట్ల నీడలు. వాటన్నిటికీ తగిలించిన ట్యాగ్ ఒకటే. అంటే మీకు వస్తున్నవి 80ల రంగులు కావు, 80ల మీద తర్వాతి తరానికి పుట్టిన మోజు. దీనికి తోడు సిటీ పాప్ అనే జపాన్ పాప్ సంగీతం రికార్డుల అట్టలున్నాయి. హిరోషి నగాయ్, ఎయిజిన్ సుజుకి లాంటివాళ్లు వేసిన నీలి ఈతకొలనులు, ఎండలో మెరిసే కార్లు. అవి నిజంగా 80లవే కానీ ఆనిమే కాదు. మోడల్ మాత్రం వీటన్నిటినీ ఒకే గాటన కడుతుంది.

అప్పటి టీవీ ఆనిమే ఫ్రేములు ఓ పది పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ భాగం బూడిద కలిసిన ఆకుపచ్చలు, ఇటుక రంగులు, గోధుమ రంగులు, వెలిసిపోయిన నీలాలు. కళ్లకి కొట్టొచ్చే రంగు హీరో జాకెట్‌కో, జుట్టుకో, యంత్రం మీద ఒక పట్టీకో పరిమితం. చుట్టూ అంత నీరసంగా ఉండబట్టే ఆ ఒక్క ఎరుపు అంత ఎర్రగా కనిపిస్తుంది.

అది అలా ఎందుకుందో తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది. అప్పటి ఆనిమేలో మనుషుల్ని సెల్ మీద వేసేవారు. సెల్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్. గీతలు ముందువైపు, రంగులు వెనకవైపు. ఆ రంగు నంబర్లు వేసిన డబ్బాల్లో వచ్చేది. ఫలానా పాత్ర చర్మానికి ఈ నంబరు, దాని నీడకి ఆ నంబరు అని కలర్ డిజైనర్ ముందే రాసి పెట్టేవాళ్లు. పెయింటర్ ఆ నంబరు డబ్బా తీసి, గీత లోపల నింపడమే. షేడింగ్ కావాలంటే గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకోదాన్లోకి మారడం) లేదు, ఇంకో డబ్బా ఉంది. ప్రతి కొత్త రంగూ ఖర్చే కాబట్టి టీవీ పనిలో లెక్కగా వాడేవారు. 1988లో ‘అకీరా’ సినిమాకి 327 రంగులు వాడారనీ, అందులో 50 ఆ సినిమా కోసమే ప్రత్యేకంగా తయారు చేయించారనీ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారంటే, మామూలు పనిలో ఆ సంఖ్య ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. మిచియో యసుదా లాంటి కలర్ డిజైనర్లు దశాబ్దాల పాటు చేసిన పని ఇదే. ఉన్న డబ్బాల్లో ఏది ఏ పక్కన పెడితే ఎలా కనిపిస్తుందో తేల్చడం.

వెనక దృశ్యం సంగతి పూర్తిగా వేరు. అది కాగితం మీద పోస్టర్ కలర్‌తో, కుంచెతో వేసిన చిత్రం. అందులో రంగులు ఒకదాన్లోకి ఒకటి కలుస్తాయి, అంచులు మెత్తగా ఉంటాయి, కొన్నిచోట్ల కాగితం గరుకు కూడా తెలుస్తుంది. దాని మీద చదునైన మనిషిని పెట్టి కెమెరాతో ఫొటో తీసేవారు. టీవీకి ఎక్కువగా 16 ఎంఎం, సినిమాకి 35 ఎంఎం. ఆ ఫిల్మ్ వల్ల తెలుపు కాస్త మీగడ రంగులోకి తిరుగుతుంది, నలుపు పూర్తి నలుపుగా ఉండదు, సన్నటి రేణువులు పడతాయి.

ఇంకొకటి, ఇది చాలామంది గమనించరు. పాత ఆనిమేలో మెరుపు ఒక ప్రత్యేకమైన పని. నల్లటి మాస్క్‌లో వెలుగు కావలసిన చోట మాత్రమే తెరిచి, కింద నుంచి దీపం వేసి, అదే ఫ్రేమ్ మీద రెండోసారి ఎక్స్‌పోజ్ చేసేవారు. అందుకే కారు హెడ్‌లైట్, కత్తి అంచు, యంత్రం కన్ను లాంటివే వెలుగుతాయి, మిగతా ఫ్రేమ్ అంతా చప్పగా ఉంటుంది. ఏఐ బొమ్మలో జుట్టు అంచు, బుగ్గ, ఆకాశం, చెట్లు అన్నీ మెరుస్తాయి. కొత్త బొమ్మ అని పట్టించేసేది ముందు ఇదే. రంగులు మార్చే ముందు ఆ మెరుపులు తీసేయండి, సగం దారి వచ్చేసినట్టే.

90ల చివరి నుంచి 2000ల తొలినాళ్లలోపు స్టూడియోలు దాదాపు అన్నీ కంప్యూటర్ పెయింట్‌కి మారిపోయాయి. ‘సజాయె-సాన్’ అనే టీవీ సీరీస్ ఒక్కటి మొండిగా 2013 దాకా సెల్స్ మీదే నడిచింది. మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ కావాలంటే, యుగో సాకో, రామ్ మోహన్ కలిసి తీసిన జపాన్-భారత్ రామాయణం ఉంది. 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లలోకి వచ్చింది. అది దొరికితే కథ పక్కన పెట్టి, ఒక్క ఫ్రేమ్ ఆపి చూడండి. మనుషుల మీద రంగు ఎంత చదునుగా ఉందో, వెనక అడవి ఎంత కుంచెతనంతో ఉందో పక్కపక్కనే కనిపిస్తుంది.

ఇక పనిలోకి వద్దాం.

పట్టీ ఎలా తయారు చేసుకోవాలి. ఒక పాత్రకి పది నుంచి పద్నాలుగు రంగులు చాలు. చర్మం, చర్మం నీడ. జుట్టు, జుట్టు మీద మెరుపు పట్టీ. ఒక్కో బట్టకి రెండేసి. కళ్లకి రెండు మూడు. గీతకి ఒకటి. ఇక్కడ అసలు కిటుకు నీడ రంగులో ఉంది. మూల రంగులో నలుపు కలిపితే నీడ మురికిగా వస్తుంది. పాత పనిలో నీడ వేరే వర్ణంవైపు జరుగుతుంది. చర్మం నీడ ఇటుక ఎరుపు వైపు, తెల్ల చొక్కా నీడ లేత నీలం ఊదా వైపు, పసుపు నీడ నారింజ వైపు. నల్ల జుట్టుకి నలుపు వేయరు. ముదురు నీలమో, కాఫీ రంగో వేసి, దాని మీద నీలి పట్టీ ఒకటి తీస్తారు. గీత కూడా పూర్తి నలుపు వద్దు, నాది 38, 30, 34. (నేనిచ్చే అంకెలన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో, 0 నుంచి 255 వరకు.)

మన బొమ్మలకి వచ్చే పెద్ద చిక్కు చర్మం రంగు. ఆనిమే మోడళ్లు చూసిన ముఖాల్లో ఎక్కువ భాగం లేత పీచు రంగువే. చామనఛాయ కావాలని అడిగితే నా అనుభవంలో రెండింటిలో ఒకటి జరుగుతుంది. రంగు బూడిదగా వెలిసిపోతుంది, లేదా నూనె రాసినట్టు నారింజ రంగులో నిగనిగలాడుతుంది, దానికి తోడు అడక్కుండానే తెల్ల జుట్టు, బంగారు కళ్లు తగిలిస్తుంది. మాటలతో దాంతో వాదించడం దండగ. నేను వాడే అంకెలు ఇవి. పగలు చర్మం 190, 134, 98. నీడ 146, 88, 72. సాయంత్రం చర్మం 201, 120, 84. నీడ 120, 66, 78. రాత్రి చర్మం 104, 98, 120. నీడ 66, 62, 92. రాత్రి అంకెలు విడిగా చూస్తే శవం రంగులా అనిపిస్తాయి. ముదురు నీలి వీధి ముందు పెట్టి చూడండి, మామూలు చామనఛాయ మనిషే కనిపిస్తుంది.

ఇలా పగలు, సాయంత్రం, రాత్రి అని ప్రతి పాత్రకి మూడు షీట్లు చేసుకోండి. స్టూడియోలో మేం వీటిని కలర్ మోడల్ అనేవాళ్లం. పొంతన లేదన్న మీ బాధకి మందు ఇదే. పగటి బొమ్మ మీద నీలి ఫిల్టర్ పరిచి రాత్రి అనిపించడం పాత పద్ధతిలో తక్కువ. చర్మం దగ్గర నుంచి చెప్పుల దాకా ప్రతి రంగుకీ రాత్రి డబ్బా వేరేగా ఉండేది. అందుకే ఆ రాత్రులు మసగ్గా కాకుండా తేటగా ఉంటాయి.

షీట్లు చేయడానికి క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ చాలు. రంగుల పలక అందులో సేవ్ చేసుకోవచ్చు. ఓపెన్‌టూన్జ్ అనే 2డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అలవాటున్నవాళ్లకి ఇంకా సుఖం, అది పుట్టిందే ఈ పని కోసం. రెండూ ఉచితమే.

ఆ పట్టీని మోడల్ చేత ఎలా ఒప్పించాలి. ప్రాంప్ట్‌లో రంగుల పేర్లు రాయడం బలహీనమైన దారి. ‘ఎర్ర బకెట్’ అని రాస్తే ఎరుపు బకెట్ దాటి చీర అంచుకీ, పెదాలకీ, ఆకాశానికీ పాకుతుంది. బలమైన దారి ఇమేజ్ టు ఇమేజ్, అంటే మాటలతో పాటు ఒక బొమ్మ కూడా ఇచ్చి దాని మీదే పని చేయించడం. ముందు కూర్పు ఏ రంగులో వచ్చినా ఫర్వాలేదని ఒక బొమ్మ తీసుకోండి, లేదా చేత్తో గీసుకోండి. దాని మీద మీ పట్టీలోని రంగులు చదునుగా నింపండి. అందంగా ఉండనక్కర్లేదు, పిల్లలు వేసినట్టున్నా చాలు. దాన్ని 0.35 నుంచి 0.5 మధ్య డీనాయిజ్‌తో (మీ బొమ్మని మోడల్ ఎంత మార్చొచ్చో చెప్పే అంకె) మోడల్‌కి ఇవ్వండి, గీతలు చెదరకుండా లైన్‌ఆర్ట్ కంట్రోల్‌నెట్ (గీతల్ని పట్టి ఉంచే తోడు మోడల్) పెట్టండి. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, డిఫ్యూజన్‌లో, అంటే నాయిజ్ (చుక్కల రొద) నుంచి అడుగడుగునా బొమ్మ తేల్చే ఈ పద్ధతిలో, పెద్ద పెద్ద రంగు ముద్దలు మొదటి అడుగుల్లోనే తేలిపోతాయి, చిన్న చిన్న వివరాలు చివర్లో వస్తాయి. తక్కువ డీనాయిజ్ పెడితే ఆ మొదటి అడుగులు అసలు జరగవు. రంగు నిర్ణయం మీది, వివరాల పని దానిది. 0.6 దాటితే పగ్గాలు మళ్లీ మోడల్ చేతికి వెళ్తాయి.

సెట్టింగుల్లో రెండు విషయాలు చూసుకోండి. సీఎఫ్‌జీ (ప్రాంప్ట్‌ని ఎంత గట్టిగా పాటించాలో చెప్పే అంకె) ఎక్కువైతే రంగులు మాడతాయి; ఎస్‌డీఎక్స్‌ఎల్ (స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్‌ఎల్) ఆధారిత ఆనిమే మోడళ్లకి నేను 4 నుంచి 6 మధ్యే ఉంచుతాను. పాత స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 మోడల్ వాడుతూ బొమ్మంతా పొగమంచులా వెలిసిపోయి ఉంటే, అది రెట్రో కాదు, వీఏఈ (మోడల్ లోపలి లెక్కల్ని బొమ్మగా మార్చే భాగం) సరైంది పెట్టలేదని అర్థం. రాత్రి దృశ్యాలు ఎంత అడిగినా బూడిదగానే వస్తున్నాయని ఇంకో ఫిర్యాదు వింటుంటాను. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ మోడళ్లకి శిక్షణలో చిత్రం పూర్తిగా నాయిజ్‌గా మారేదాకా వెళ్లలేదు, సగటు వెలుతురు జాడ కొంచెం మిగిలిపోయేది. అందుకే అవి మధ్యస్థ వెలుతురుని వదిలి పోలేవు. నూబ్‌ఏఐ వీ-ప్రెడిక్షన్ లాంటి, వేరే పద్ధతిలో శిక్షణ పొందిన మోడళ్లలో ఈ ఇబ్బంది తీరింది. చీకటి బొమ్మ నుంచి మొదలుపెట్టి ఇమేజ్ టు ఇమేజ్ చేసినా చాలావరకు తీరుతుంది.

ప్రాంప్ట్ మాటలు కూడా అడిగారు కాబట్టి చెప్తున్నా. ఇల్లస్ట్రియస్, నూబ్‌ఏఐ లాంటి ఆనిమే మోడళ్లు డాన్‌బూరు అనే బొమ్మల సైటు ట్యాగులతో నేర్చుకున్నవి. వాటికి ‘1980స్ స్టైల్’, ‘యానిమే స్క్రీన్‌క్యాప్’, ‘ఫ్లాట్ కలర్’, ‘లిమిటెడ్ ప్యాలెట్’ పనిచేస్తాయి. నెగటివ్ ప్రాంప్ట్‌లో, అంటే వద్దన్నవి రాసేచోట, ‘బ్లూమ్’, ‘గ్రేడియంట్’, ‘లెన్స్ ఫ్లేర్’, ‘పర్పుల్ థీమ్’ పెట్టండి. (ప్రాంప్ట్‌లో ఇవి ఇంగ్లీష్ అక్షరాల్లో రాయాలి లెండి.) మిడ్‌జర్నీ వాడేవాళ్లయితే అందులో ఆనిమే కోసం చేసిన నిజి మోడల్ తీసుకుని, స్టైల్ రిఫరెన్స్‌గా నెట్‌లో దొరికిన ఫ్రేమ్ కాకుండా మీరు స్వయంగా రంగులు నింపిన బొమ్మ ఇవ్వండి. స్టైల్ వెయిట్ (ఆ బొమ్మ ప్రభావం ఎంతుండాలో చెప్పే అంకె) మామూలుగా 100 ఉంటుంది, కొంచెం కొంచెంగా పెంచుతూ పోండి. అయితే అక్కడ అంకెల దాకా పట్టు దొరకదు, చివర్లో దిద్దుకోవాల్సిందే. చాట్ బాట్‌లు ఇచ్చే బొమ్మలకి కొన్నిసార్లు ఒక పసుపు జీర ఉంటుంది. దాన్ని చూసి ‘పాతకాలం లుక్ వచ్చింది’ అని మురిసిపోయేవాళ్లని చూశాను. పాత ఫిల్మ్‌లో తెలుపు వెచ్చగా ఉంటుంది కానీ నీడలు చల్లగానే ఉంటాయి. రెండూ పసుపెక్కితే అది రెట్రో కాదు, పచ్చకామెర్లు.

ఒక పని వివరంగా చెప్తే మీకు స్పష్టంగా ఉంటుంది. ఒక కథల పుస్తకానికి అట్ట. వాన వెలిసిన సాయంత్రం, మేడ మీద తీగ నుంచి బట్టలు తీస్తున్న అమ్మాయి. కూర్పు కోసం మోడల్‌ని అడిగితే ఆకాశం ఎప్పటిలాగే ఊదా, తడి నేల మీద నియాన్ ప్రతిబింబాలు. ఆ ఊళ్లో నియాన్ ఎక్కడిదండీ! గీతలు మాత్రం ఉంచుకుని రంగులన్నీ తుడిచేశాను.

వెనక దృశ్యం విడిగా చేయించాను, మనిషి లేకుండా. ఇక్కడ ‘ఫ్లాట్ కలర్’ తీసేసి, గవాష్ (పోస్టర్ కలర్ లాంటి రంగు) చిత్రం, కుంచె జాడలు, కాగితం గరుకు అని అడగాలి. ఆకాశానికి ఊదా బదులు మబ్బు అంచుల్లో 214, 168, 120, పైన 132, 140, 142. పిట్టగోడకి తడిసిన సిమెంట్ రంగు 118, 112, 104, నాచు పట్టిన చోట 96, 104, 78. సింటెక్స్ ట్యాంకుని పూర్తి నలుపు చేయకుండా 58, 54, 62 దగ్గర ఆపాను. వెనకంతా ఇలా మసకబారిన రంగులే.

అమ్మాయికి సాయంత్రం షీట్ వాడాను. లంగా ముదురు ఆకుపచ్చ, ఓణీ లేత గోధుమ, దాని నీడ ఊదా బూడిద. ఇమేజ్ టు ఇమేజ్ అయ్యాక బుగ్గల మీద, మోచేతి మీద చిన్న చిన్న గ్రేడియంట్లు వచ్చేశాయి, అవి ఎప్పుడూ వస్తాయి. వాటిని చంపడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మనిషి పొరని రెట్టింపు సైజులో పెట్టి, జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇండెక్స్‌డ్ మోడ్‌కి (ఎంచిన రంగులు మాత్రమే ఉండే పద్ధతికి) మార్చి, మీ పట్టీనే కస్టమ్ ప్యాలెట్‌గా ఇచ్చి, డిథరింగ్ (చుక్కలు కలిపి మధ్య రంగు చూపించడం) వద్దని చెప్పండి. ప్రతి పిక్సెల్ మీ డబ్బాల్లో ఏదో ఒకదానికి వెళ్లి అతుక్కుంటుంది. తర్వాత ఆర్‌జీబీకి తెచ్చి సగానికి తగ్గిస్తే రంపపు పళ్లలా వచ్చిన అంచులు మళ్లీ నున్నగా అవుతాయి. చర్మం, బట్టలు, జుట్టు విడివిడిగా మార్చండి. అన్నీ ఒకేసారి చేస్తే చర్మం నీడకి దగ్గర్లో ఉన్న లంగా అంచు రంగు వచ్చి ముఖం మీద కూర్చుంటుంది.

పంపించాక పబ్లిషర్ గారు ఫోన్ చేసి “డల్‌గా ఉందేంటండీ, ఇంకొంచెం కలర్ పెంచండి” అన్నారు. ఈ మాట మీరూ వింటారు, సిద్ధంగా ఉండండి. మొత్తం శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే కష్టపడి కట్టిందంతా పోతుంది. నేను అమ్మాయి కాళ్ల దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి, దాన్ని 206, 44, 38 చేశాను. ఇంకేమీ ముట్టుకోలేదు. “ఇప్పుడు బావుంది, కలర్‌ఫుల్‌గా ఉంది” అన్నారు. చుట్టూ ఉన్న రంగులన్నీ తగ్గి ఉంటే ఒక్క బకెట్ చాలు.

చివరి టోన్, వరస ముఖ్యం. మనిషిని దృశ్యం మీద పెట్టగానే అంచు వెంబడి కుడి కిందవైపు రెండు మూడు పిక్సెళ్ల సన్నటి నీడ, 15 నుంచి 20 శాతం మాత్రమే వేయండి. నిజమైన సెల్ కాగితానికి పూర్తిగా అతుక్కోదు, దీపాల వెలుగులో దాని నీడ కింద చిత్రం మీద పడేది. చూసేవాళ్లు దీన్ని గుర్తించి చెప్పలేరు గానీ, తీసేస్తే ఏదో తగ్గిందంటారు. తర్వాత రెండు పొరలూ కలిపి ఒక పిక్సెల్‌లోపు బ్లర్ చేయండి, ఏఐ గీతల పదును కొంచెం విరుగుతుంది. తర్వాత బాగా వెలుగున్నచోట మాత్రమే ఎర్ర నారింజ జీర పలచగా వేయండి. ఫిల్మ్‌లో వెలుగు అడుగు పొర నుంచి వెనక్కి తన్ని అంచుల చుట్టూ ఇలా ఎర్రబడుతుంది. తర్వాత లెవెల్స్ (వెలుగు, చీకటి హద్దులు): నలుపు 20, 18, 26 దగ్గరికి ఎత్తండి, తెలుపు 242, 236, 222 దగ్గర ఆపండి. అన్నిటికన్నా చివర గ్రెయిన్, అంటే ఫిల్మ్ రేణువులు. ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో చుక్కగా వేస్తే అది డిజిటల్ కెమెరా రొదలా కనిపిస్తుంది. గ్రెయిన్ పొరని సగం సైజులో తయారు చేసి పెద్దది చేయండి, మధ్యస్థ వెలుతురులో కాస్త ఎక్కువ, తెల్లటి చోట్ల తక్కువ ఉండేలా చూడండి.

స్కాన్‌లైన్లు, వీహెచ్‌ఎస్ చారలు, ఎరుపు నీలం అంచులు విడిపోవడం, ఇవన్నీ మీ బొమ్మలో వద్దు. అవి టీవీ డబ్బాకీ, వీడియో క్యాసెట్‌కీ చెందిన జబ్బులు, పెయింటింగ్‌కి సంబంధం లేదు. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద సరదాగా బావుంటుందేమో, కథకి వేసే బొమ్మ మీద మాత్రం దృష్టి మరలుస్తాయి. ఫ్రేమ్ నిష్పత్తి కుదిరితే 4:3 తీసుకోండి, పాత టీవీ కూర్పు దానంతటదే వస్తుంది.

మీ దగ్గర ఇలా పూర్తి చేసిన బొమ్మలు ఇరవై ముప్ఫై పోగయ్యాక లోరా శిక్షణ గురించి ఆలోచించండి, అంతకుముందు వద్దు. లోరా అంటే మోడల్ మొత్తాన్ని కదపకుండా పక్కన చిన్న సర్దుబాటు ఫైలు చేర్చడం. ఇందులో మెలకువంతా క్యాప్షన్లలో ఉంది. క్యాప్షన్‌లో రాసింది తర్వాత మార్చుకోగలిగేదిగా మిగులుతుంది, రాయకుండా వదిలింది స్టైల్‌లో కలిసిపోతుంది. కాబట్టి అమ్మాయి, మేడ, తీగ, బకెట్ అని వస్తువులు రాయండి. రంగుల తీరు, గ్రెయిన్, చదును గురించి ఒక్క ముక్క రాయకండి. పగలు, సాయంత్రం, రాత్రి అన్న మాటలు మాత్రం తప్పకుండా పెట్టండి, అప్పుడు మూడు షీట్లూ విడివిడిగా పిలవొచ్చు. గ్రెయిన్, టోన్ వేయకముందు బొమ్మలతోనే శిక్షణ ఇవ్వండి. లేకపోతే మోడల్ గ్రెయిన్‌ని కూడా గీయడానికి ప్రయత్నిస్తుంది, అది చర్మం మీద దద్దుర్లలా తేలుతుంది.

ఫలానా సినిమా ఫ్రేములు తీసుకుని శిక్షణ ఇవ్వొచ్చా అని ఎలాగూ అడుగుతారు. 2025 మార్చిలో అందరూ పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు జపాన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మలుగా మార్చి వాట్సాప్ డీపీలు పెట్టుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ఇంట్లో సరదా వేరు, డబ్బు తీసుకుని చేసే పని వేరు. నేను స్టూడియో పేరుగానీ, బతికున్న చిత్రకారుడి పేరుగానీ ప్రాంప్ట్‌లో పెట్టను, వాళ్ల ఫ్రేములతో శిక్షణ ఇవ్వను. ఇటుక రంగు నీడ ఎవరి సొత్తూ కాదు. పాత్రలూ, ఫ్రేములూ మాత్రం ఒకరి సొత్తే. ఏఐ వాడానని పబ్లిషర్‌కి ముందే చెప్తాను, కొందరు వద్దంటారు, అది వాళ్ల హక్కు. పైగా పేరు పెట్టి తెచ్చుకున్న స్టైల్ మీదెలా అవుతుంది? రేపు అదే పేరు ఇంకొకరు టైప్ చేస్తే వాళ్లకీ అదే వస్తుంది.

ఇక ప్రెస్‌కి వెళ్లే బొమ్మ అయితే ఒక జాగ్రత్త. టోన్, గ్రెయిన్ వేయకముందు ఫైలు పొరలతో సహా విడిగా దాచుకోండి. స్క్రీన్ మీద ముద్దొచ్చే ఎత్తిన నలుపు, చవక కాగితం మీద సీఎంవైకేలో (అచ్చు యంత్రం నాలుగు సిరాల్లో) అచ్చయ్యేసరికి బురద రంగులోకి దిగుతుంది, సన్నటి గ్రెయిన్ అచ్చు చుక్కల్లో కలిసి మచ్చలవుతుంది. ప్రింట్ కాపీకి నేను నలుపుని సగమే ఎత్తుతాను, గ్రెయిన్ దాదాపు మానేస్తాను. వాట్సాప్‌లో పంపేదానికి కూడా గ్రెయిన్ తగ్గించండి. అక్కడ ఫైలు కుదించినప్పుడు రేణువులన్నీ గళ్లు గళ్లుగా ముద్దకడతాయి. పబ్లిషర్ గారు ముందు చూసేది ఆ వాట్సాప్ కాపీనే.